చిత్త కార్తె దాటాకే టమాట నారు: పర్లాకిమిడిలో ఒక పెరటి తోట, మూడున్నరేళ్ల కేస్ స్టడీ

ఒడిశాలోని గజపతి జిల్లా కేంద్రమైన పర్లాకిమిడిలో, మహేంద్రతనయ నదికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఒక తెలుగు కుటుంబపు పెరటిని నేను 2021 జూన్ నుంచి 2024 నవంబరు వరకు దగ్గరుండి చూశాను. పెరటి తోటలు వేసుకునేవారికి సలహా చెప్పడం, అవసరమైతే పార పట్టుకుని వారితో పాటు పనిచేయడం నా వృత్తి. ఆంధ్ర సరిహద్దుకు అటు పాతపట్నం వైపు, ఇటు పర్లాకిమిడి వైపు ఇలాంటి పెరళ్లు చాలానే చూశాను గాని, ఈ ఒక్క పెరడు నా అభిప్రాయాలను కొన్నింటిని మార్చింది. అందుకే దీన్ని మొదటి నుంచి చివరిదాకా, నా పొరపాట్లతో సహా రాస్తున్నాను. ఆ కుటుంబం కోరిక మేరకు పేర్లు, వీధి వివరాలు ఇవ్వడం లేదు.

ఇంటి యజమాని పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. కొడుకు బరంపురంలో ఉద్యోగం చేస్తూ వారానికోసారి వస్తాడు. తోట పని చూసేది ఇంటి పెద్దామె, ఆమె కోడలు. ఇంటి వెనుక పన్నెండు మీటర్ల పొడవు, తొమ్మిది మీటర్ల వెడల్పు ఉన్న పెరడు, అంటే రెండున్నర సెంట్లకు కొంచెం ఎక్కువ. పెద్దామె అత్తగారి కాలం నాటి ఒరల నుయ్యి, ఒక కొబ్బరి చెట్టు, ఒక జామ, ఒక కరివేపాకు, 2018 తిత్లీ తుఫానులో నడుము దగ్గర విరిగి మళ్లీ చిగిర్చిన ఒక మునగ ఆ పెరట్లో ఉన్నాయి. నేల ఎర్రమట్టి. చుట్టూ ఐదడుగుల ఇటుక గోడ.

కొవిడ్ ఆంక్షలు ఉన్న రోజులు కావడంతో మొదటి సంభాషణ మే నెలలో ఫోనులో జరిగింది. పెద్దామె తన ఇబ్బందిని రెండు మాటల్లో చెప్పారు. "బాబూ, ఆషాఢంలో పెరడంతా చెరువు, వైశాఖంలో నూతిలో బిందె మునగదు. పెట్టిన వంగ మొక్క పువ్వు చూడకుండానే తల వాల్చేస్తోంది." అప్పటికి ఐదేళ్లుగా వారు చేసిన వైద్యం ఏమిటంటే, వాడిన మొక్కకు యూరియా వేయడం, దానికీ కోలుకోకపోతే పురుగుమందు చల్లడం, రాలిన ఆకును ప్రతి ఆదివారం పోగుచేసి తగలబెట్టడం. ఆ ముందటి సంవత్సరం ఒక వీడియో చూసి నలభై ప్లాస్టిక్ గ్రోబ్యాగులు, కొబ్బరిపొట్టు ఇటుకలు కొని మేడ మీద మొక్కలు పెట్టారు. రోహిణి కార్తెలో శ్లాబు వేడికి సంచుల్లోని వేళ్లు ఉడికిపోయి, పది రోజుల్లో అన్నీ పోయాయి.

మొక్క కన్నా ముందు నీటి దారి

తొలకరి పడేదాకా ఏ విత్తనమూ నాటవద్దని వారిని కోరాను. జూన్ రెండో వారంలో, మృగశిర కార్తె వచ్చిన కొద్ది రోజులకు ఒక సాయంత్రం జోరువాన పట్టింది. రెండు వీధుల అవతలే ఉంటాను కనుక గొడుగు పట్టుకుని వెళ్లి, నలభై నిమిషాల పాటు ఆ పెరట్లోనే నిలబడ్డాను. నా వృత్తిలో ఇంతకన్నా విలువైన పరీక్ష మరొకటి లేదని నేను నమ్ముతాను. పొడి నేలను చూసి వేసుకునే అంచనాలలో సగం, వానలో నిలబడిన పది నిమిషాలకే తప్పని తేలిపోతాయి.

మేడ మీది నీరంతా రెండు గొట్టాల ద్వారా ఉత్తరపు మూలలో పడుతోంది. అక్కడ అది మడమ లోతున నిలిచి, నిండాక కూరగాయల మళ్ల మధ్యగా పారి, పక్క సందులోని కాలువ గుండా వీధిలోకి పోతోంది. వెళుతూ వెళుతూ ఎర్రటి పైమట్టిని వెంట తీసుకుపోతోంది. నాలుగు రోజుల తర్వాత వెళ్లి చూస్తే, ఉత్తరపు మూల ఇంకా చిత్తడిగానే ఉంది గాని, నుయ్యి పక్కన ఉన్న మళ్లు మాత్రం బీటలు వారాయి. ఒకే పెరట్లో ఒకే వారంలో నీరు ఎక్కువై ఒక మూల, నీరు లేక మరో మూల పాడవుతున్నాయి.

రెండు చోట్లా ఒక అడుగు లోతు గుంత తీసి నీరు నింపి చూశాను. నూతి పక్క గుంత గంటలో ఇంకిపోయింది. ఉత్తరపు మూల గుంతలో మర్నాడు ఉదయానికి కూడా నీరు మిగిలింది. తవ్వితే, జానెడు లోతున ఇల్లు కట్టినప్పుడు పారబోసిన ఇటుక ముక్కలు, సున్నపు గార గట్టిపడి పలకలా కనిపించాయి.

వానలు తగ్గిపోయాయని ఆ ఇంట్లో అందరూ అనుకుంటున్నారు. నాకు కనిపించిన విషయం వేరు. ఈ జిల్లాలో సంవత్సరానికి సగటున సుమారు 1,400 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇది తక్కువ వాన కాదు. గాలి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే, ఆ గాలి పట్టి ఉంచగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది. అందువల్ల కురిసేటప్పుడు కుండపోతగా కురవడం, రెండు వానల మధ్య ఎండ తీవ్రత పెరగడం అనే రెండు కష్టాలూ కలిసి వస్తాయి. రోజంతా సన్నగా పడే ముసురుకు సరిపోయే పెరడు, గంటసేపు కుమ్మరించే వానకు సరిపోదు. మన పెద్దల నాటి పెరళ్లకు చేపట్టిన ఏర్పాట్లు మొదటి రకం వానకు తగినవి.

గాజు గ్లాసులో తెలిసిన తెగులు

వంగ, టమాట ఎందుకు వాడిపోతున్నాయో తెలుసుకోవడం రెండో పని. ఆకు పచ్చగా ఉండగానే మధ్యాహ్నం తల వాలి, సాయంత్రం కొంత తేరుకుని, మూడో రోజుకు పూర్తిగా పడిపోవడం ఇక్కడి లక్షణం. నీటి ఎద్దడిలో కింది ఆకులు ముందు పసుపు రంగుకు తిరుగుతాయి. ఇక్కడ అలా లేదు. అలాంటి ఒక వంగ మొక్కను పీకించి, మొదలు దగ్గర నాలుగు వేళ్ల పొడవు కాండం ముక్క కోసి, శుభ్రమైన నీళ్లున్న గాజు గ్లాసులో దాని కొన మాత్రం మునిగేలా కదలకుండా పట్టుకున్నాను. రెండు మూడు నిమిషాలలో కోసిన చోటి నుంచి పాల తీగలలాంటి తెల్లని ధారలు నెమ్మదిగా నీటిలోకి దిగాయి. కోడలు తన ఫోనులో దాన్ని వీడియో తీసింది. ఆ ధారలు బాక్టీరియా సమూహాలు. రాల్‌స్టోనియా సొలనేసియారమ్ అనే ఈ బాక్టీరియా నేలలో ఉండి, వేళ్ల గాయాల ద్వారా మొక్కలోకి చేరి, నీటిని మోసే నాళాలను మూసేస్తుంది. నేలలో నీరు ఎంత ఉన్నా మొక్కకు అందదు. కోస్తా ఒడిశా ఆమ్ల నేలల్లో వంగ, టమాట, మిరప పెంచేవారికి ఇది పాత శత్రువు. యూరియా వేస్తే ఈ రోగం నయం కాదు. పురుగుమందు దీన్ని తాకనైనా తాకదు. ఐదేళ్లు ఆ కుటుంబం పెట్టిన ఖర్చు రోగానికి సంబంధించినదే కాదు.

ఈ బాక్టీరియా నీటితో పాటు ఒక మడి నుంచి మరో మడికి ప్రయాణిస్తుంది. వెచ్చని తడి నేల దానికి ఇష్టం. మేడ మీది నీరు ఉత్తరపు మూలలో నిలిచి, ఐదేళ్లుగా వంగ పెట్టిన మడి మీదుగా మిగిలిన మళ్లలోకి పారడం నేను వానలో నిలబడి చూసినదే. అందుచేత నీటి సమస్య, తెగులు సమస్య అని ఆ ఇంటివారు విడివిడిగా చెప్పిన రెండూ ఒక్కటేనని అప్పుడు అర్థమైంది. నీటి దారి మళ్లించకుండా ఎంత మంచి నారు తెచ్చి పెట్టినా ఫలితం ఉండదు. నా వద్ద ఉన్న ఈ ఒక్క మాటనే ఈ కేసులో అందరికీ చెప్పదలచుకున్నాను.

మట్టి పరీక్షలో ఉదజని సూచిక (పీహెచ్) 5.3 వచ్చింది, అంటే బాగా ఆమ్ల గుణం ఉన్న నేల.

చేసిన పనులు

పని మొదలుపెట్టడం వారం ఆలస్యమైంది. గునపం, తట్టలు ఇచ్చిన పక్కింటి ఒడియా కుటుంబం రజొ పండుగ మూడు రోజులూ నేలను తవ్వదు. ఆ రోజుల్లో భూమాతకు విశ్రాంతి ఇవ్వాలని వారి నమ్మకం. మేమూ ఆగాము. ఆ ఆగడం వల్ల మరో వాన చూడగలిగాను, కందకం ఎటు వాలి ఉండాలో అప్పుడే నిర్ణయించాను.

మేడ విస్తీర్ణం 70 చదరపు మీటర్లు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. కాబట్టి పది మిల్లీమీటర్ల వాన పడితే, వృథా పోయేది తీసివేయక ముందు ఆ మేడ నుంచి 700 లీటర్లు దిగుతాయి. ఇది చెప్పినప్పుడు మాస్టారు స్వయంగా కాగితం మీద లెక్క వేసి చూసుకుని, అప్పటి నుంచి ఈ పనిలో అందరికన్నా ఎక్కువ ఆసక్తి చూపారు. రెండు గొట్టాలనూ ఒకటిగా కలిపి, అరుగు మీద ఎత్తుగా పెట్టిన వెయ్యి లీటర్ల డ్రమ్ములు రెండింటిలోకి మళ్లించాము. వాన మొదట్లో వచ్చే మేడ మీది మురికి, పక్షుల రెట్టలు విడిగా పోయేలా ఒక నిలువు గొట్టానికి మూత పెట్టాము. ప్రతి వాన తర్వాత ఆ మూత తీసి ఖాళీ చేయాలి. డ్రమ్ములు నిండాక పొర్లిన నీరు గులకరాళ్లు, బొగ్గు, ఇసుక పొరల గుండా నూతిలోకి పోతుంది. నుయ్యి తోటకే తప్ప తాగడానికి వాడరు. తాగే నూతికైతే ఈ సలహా ఇంత తేలికగా ఇచ్చి ఉండేవాణ్ని కాదు.

నేల మీద పడే నీటికి తూర్పు గోడ వెంట ఆరు మీటర్ల పొడవు, రెండడుగుల లోతు, అడుగున్నర వెడల్పు గల కందకం తవ్వి ఎండుటాకులు, కొబ్బరి డొక్కలు నింపాము. ఆదివారం మంటల్లో పోయే ఆకంతా ఇప్పుడు అందులోకే పోతోంది. కుళ్లిన ఆకును సంవత్సరానికోసారి తీసి మళ్లలో వేస్తారు. ఉత్తరపు మూలలోని గార పలకను పగలగొట్టడానికి ఇద్దరు కూలీలకు రెండు రోజులు పట్టింది. అయినా ఆ మూల పూర్తిగా ఆరలేదు. ఆరనివ్వాలని పోరాడటం మానేసి, అక్కడ చేమ నాటించాను. తడి దానికి సమ్మతం. పక్కింటివారు దాన్ని సారు అంటారు, డాల్మా అనే పప్పుకూరలో వేసుకోవడానికి ఆ దుంపలు అడిగి తీసుకెళతారు.

స్నానాల గది నీరు అరటి, మెట్టతామర పెట్టిన గుండ్రని పాదులోకి వెళుతుంది. బట్టల సబ్బు పొడి నీటిని మాత్రం ఆ పాదులోకి కూడా పోనివ్వలేదు. అందులోని సోడియం మట్టిని గట్టిపరుస్తుంది. ఆకుకూరలకు ఈ రెండు నీళ్లూ పనికిరావు.

ఆమ్ల గుణం తగ్గించడానికి ఒక చదరపు మీటరుకు 200 గ్రాముల చొప్పున వ్యవసాయ సున్నం కలిపి, నెల రోజుల తర్వాతే పశువుల ఎరువు వేశాము. రెండూ ఒకేసారి వేస్తే ఎరువులోని నత్రజని అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది. తెగులున్న మడిలో, పరీక్ష కోసం వదిలిన ఒక అంచు తప్ప, మూడు సీజన్ల పాటు వంగ, టమాట, మిరప, వేరుశనగ వేయకుండా మొక్కజొన్న, గోంగూర, తోటకూర వేశాము. గట్ల మీది కామంచి మొక్కలను కూడా తీయించాను, అది వంగ కుటుంబానిదే కనుక తెగులుకు ఆశ్రయమిస్తుంది. ఆ మడిలో వాడిన పారను మరుగు నీటితో కడిగాకే మరో మడిలో పెట్టాలనే నియమాన్ని కోడలు ఒక్కసారి కూడా తప్పలేదు.

టమాటకు భువనేశ్వర్‌లోని ఒడిశా వ్యవసాయ సాంకేతిక విశ్వవిద్యాలయం ఈ తెగులును తట్టుకునేలా రూపొందించిన ఉత్కల్ కుమారి రకం తెప్పించాము. వంగకు ఉస్తికాయ మొక్క మీద అంటు కట్టాను. ఉస్తి విత్తనం మెల్లగా మొలుస్తుంది కనుక వంగ విత్తనం కన్నా నాలుగు వారాల ముందే పోయాలి. పద్నాలుగు అంట్లలో తొమ్మిది అతికాయి. తెలిసే ఒక సాహసం చేశాను: ఆ తొమ్మిదిలో ఐదింటిని తెగులున్న మడి అంచులోనే, అంటు కట్టని ఐదు వంగ మొక్కల పక్కన పెట్టించాను. అంటు కట్టనివి ఐదూ పోయాయి. అంటు మొక్కలలో నాలుగు సంక్రాంతి దాటాక కూడా కాశాయి. పది మొక్కలతో చేసినది శాస్త్రీయ ప్రయోగం అనిపించుకోదు, కాని ఆ ఇంటివారికి అంతకన్నా సాక్ష్యం అవసరం రాలేదు.

డ్రమ్ములు, గొట్టాలు, కూలి, వెదురు అన్నీ కలిపి మొదటి ఏడాది సుమారు 13,000 రూపాయలు ఖర్చయింది.

గులాబ్ వచ్చిన వారం

2021 సెప్టెంబరు 26న గులాబ్ తుఫాను కళింగపట్నానికి ఉత్తరంగా తీరం దాటింది. తిత్లీతో పోలిస్తే గాలి తీవ్రత తక్కువ, కాని వాన బాగా పడింది. మేము చేసిన ఏర్పాట్లకు అది తొలి పరీక్ష.

మునగను జూలైలోనే నడుము ఎత్తుకు నరికించాను. మునగ కర్ర పెళుసుగా ఉంటుంది, ఎత్తుగా పెరిగిన కొమ్మ గాలికి ఇట్టే విరుగుతుంది. ఏటా కొట్టి పొట్టిగా ఉంచితే కొత్త రెమ్మలు గాలికి వంగుతాయి గాని విరగవు, ఆకు కూడా చేతికి అందుతుంది. గులాబ్‌లో ఒక్క రెమ్మ కూడా పోలేదు. ఆనప, బీర పాకిన పందిరి విషయం మరీ ముఖ్యం. వెదురు గుంజలకు దాన్ని ఇనుప తీగతో కట్టకుండా, లాగితే విడిపోయే ముడులతో తాళ్లు కట్టించాను. వాతావరణ శాఖ హెచ్చరికలు ఇప్పుడు మూడు నాలుగు రోజుల ముందే వస్తాయి. గులాబ్‌కు ముందు రోజు మధ్యాహ్నం అత్తాకోడళ్లిద్దరూ పందిరిని తీగలతో సహా నేల మీదికి దించి, పాత చేపల వల కప్పి, నాలుగు అంచులా రాళ్లు పెట్టారు. మూడో రోజు మళ్లీ లేపారు. ఆనప ఆకులు మూడో వంతు చిరిగాయి, బీర తీగ ఒకటి తెగింది. పది రోజుల్లో ఆనప పాదు మళ్లీ పూత పట్టింది. నిలబెట్టి కాపాడాలనుకున్న పందిళ్లు ఆ వీధిలో చాలా పడిపోయాయి.

అరటికి ఒక వైపు మాత్రమే ఊతం పెట్టడం నేను అంతకు ముందు చేసిన తప్పు. తుఫాను కేంద్రం మన మీదుగా వెళితే, అది దాటక ముందు ఒక దిక్కు నుంచి, దాటాక దాదాపు ఎదురు దిక్కు నుంచి గాలి కొడుతుంది. మొదటి గాలికి నిలిచిన చెట్టు రెండో గాలికి ఊతం లేని వైపు పడుతుంది. ఈసారి రెండు వైపులా కట్టాము.

టమాట విషయంలో మాత్రం నా సలహాయే నష్టం తెచ్చింది. ఆగస్టులో నారు పోయించి సెప్టెంబరు రెండో వారంలో నాటించాను. ఎప్పటి నుంచో ఈ ప్రాంతంలో చేసేది అదే కనుక నేను ఇంకేమీ ఆలోచించలేదు. గులాబ్ వానకు మూడింట రెండు వంతుల మొక్కలు కాండం మొదట్లో కుళ్లిపోయాయి. మిగిలినవి పూతకు వచ్చే సమయానికి డిసెంబరులో జవాద్ తుఫాను వచ్చింది; అది తీరం చేరకముందే బలహీనపడినా, దాని ముసురుకు పూత రాలింది.

నష్టం చూసి నేను బాధపడుతుంటే, పెద్దామె వంటింటి గోడకున్న పంచాంగపు క్యాలెండరు చూపించి, పెద్ద గాలివానలన్నీ చిత్త ముంగిటే వస్తున్నాయి కదా అన్నారు. ఇంటికి వచ్చి నా పాత పుస్తకాలు తిరగేశాను. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. చిత్త కార్తె అక్టోబరు 10, 11 తేదీలలో మొదలవుతుంది. మూడూ ఆ కార్తె తొలి రోజులే. 1999లో ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన మొదటి తుఫాను కూడా అక్టోబరు 17న, చిత్తలోనే వచ్చింది. ఇరవై ఏళ్లుగా ఈ తుఫానులను చూసిన నేను వాటిని నారు తేదీకి ఎన్నడూ కలిపి చూడలేదు, ఆమె చూశారు.

2022 నుంచి పద్ధతి మార్చాము. సెప్టెంబరు చివర్లో ట్రేలలో నారు పోస్తారు, గాలివాన వస్తే ట్రేలు వరండాలోకి వెళతాయి. చిత్త దాటాకే నేలలో నాటుతారు. దీనివల్ల తొలి కాపు కనీసం నెల ఆలస్యమై జనవరిలో మొదలవుతుంది, నవంబరులో టమాట ధర మండిపోయినప్పుడు కొనుక్కోవాల్సిందే. అయినా కాపు జనవరి నుంచి మార్చి దాకా నిలకడగా వచ్చింది. పగటి ఎండ 35 డిగ్రీలు దాటేసరికి పుప్పొడి సత్తువ తగ్గి టమాట పిందె పట్టదు కనుక మార్చి తర్వాత ఎలాగూ ఆశ లేదు.

పొరపడిన చోట్లు

నేలను ఎప్పుడూ కప్పి ఉంచాలని నేను అందరికీ చెబుతూ వచ్చాను. ఈ ఇంట్లోనూ 2022 జూలైలో మళ్లన్నింటికీ నాలుగంగుళాల మందాన వరిగడ్డి పరిపించాను. నెల తిరగకుండానే దాని కింద ఆఫ్రికా నత్తలు కాపురం పెట్టాయి. 1847లో ఒక ప్రకృతి శాస్త్రవేత్త మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చి వదిలిన ఈ నత్త, నేడు మన తీరమంతటా వానాకాలపు పీడగా మారింది. బచ్చలి, బంతి నారు రాత్రికి రాత్రే మాయమయ్యాయి. ఎండిన చోట్ల గడ్డి కింద చెదలు చేరి, జామ మొదలుకు మట్టి గూడు కట్టాయి. ఆ గడ్డంతా తీయించేశాను.

నత్తలకు ఉప్పు చల్లమని పలువురు చెబుతారు. ఆ ఉప్పు మట్టిలోనే ఉండిపోయి మొక్కకు చేటు చేస్తుంది. మేము చీకటి పడ్డాక తడి గోనెసంచుల కింద బొప్పాయి ఆకులు పెట్టి, తెల్లవారుజామున సంచి ఎత్తి, చేతికి తొడుగు వేసుకుని ఏరి, ఉప్పు నీటి బకెట్లో వేసి, తర్వాత దూరంగా పూడ్చాము. ఈ నత్తలు మనిషికి సోకే క్రిములను మోస్తాయి కనుక ఒట్టి చేతులతో ముట్టకూడదు. మూడు వారాలు విడవకుండా ఏరితే గాని బెడద తగ్గలేదు. వానాకాలంలో నేల కనిపించేంత పలచగా ఎండుటాకు మాత్రమే, కార్తీకం నుంచి మందంగా అనేదే ఇప్పుడు ఈ పెరటి పద్ధతి. నా మిగిలిన పెరళ్లన్నింటిలోనూ నేను దీన్నే పాటిస్తున్నాను.

బూడిద మేలు చేస్తుందని మాస్టారు కరివేపాకు మొదట్లో రోజూ పొయ్యి బూడిద పోస్తూ వచ్చారు. ఆరు నెలల్లో లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి పాలిపోయాయి. సున్నం వేసిన నేలకే మళ్లీ బూడిద తోడైతే ఇనుము వేళ్లకు అందదు. బూడిద ఆపి, పులిసిన కుళ్లెరువు వేశాక సంవత్సరానికి తేరుకుంది. డ్రమ్ము మూతి గుడ్డ ఒకసారి జారి దోమ పిల్లలు చేరాయి. గుడ్డ బదులు ఇప్పుడు సన్నని ఇనుప జాలి బిగించారు. ఆవు పేడ, మూత్రం పులియబెట్టి చేసే జీవామృతం కూడా వాడి చూశారు గాని, దాని వాసన ఇంట్లో పిల్లలకు పడక రెండు నెలలకే మానేశారు. అది మానేసినందువల్ల తోటలో నాకు తేడా ఏదీ కనిపించలేదు. ఈ మట్టిని నిలబెట్టినది కందకంలో కుళ్లిన ఆకే అని నా నమ్మకం.

ఎండ పరీక్ష

నుయ్యి 2021లో ఏప్రిల్ మూడో వారానికే అడుగంటిందని మాస్టారు చెప్పారు. 2022లో మే రెండో వారం దాకా, 2023లో మే 20 దాకా తోడుకోవడానికి నీరుంది. చుట్టుపక్కల నూతులను కొలవలేదు కనుక ఇదంతా మేడ నీటి వల్లేనని నేను అనను. 2024 ఏప్రిల్‌లో ఒడిశా అంతటా వడగాలులు ఎడతెగకుండా వీచినప్పుడు మాత్రం మే మొదటి వారానికే బకెట్ అడుగు తాకింది. ఆ నెల రోజుల్లో పెరట్లో ఏది నిలిచిందో, ఏది పోయిందో కోడలు నోటుపుస్తకంలో రాసుకుంది. టమాట పూర్తిగా పోయింది. మిరప పూత రాల్చి కొమ్మలతో మిగిలింది. తోటకూర మధ్యాహ్నం సొమ్మసిల్లినా, మునగ నీడన వేసిన భాగం కోతకు వచ్చింది. బచ్చలి, పొన్నగంటి ఏ నీడా లేకుండా నిలిచాయి. పక్కింటివారు పోయి సాగొ అని పిలిచే బచ్చలి తీగ నుంచి రెండిళ్లకూ వారానికి రెండు రోజుల కూర వెళ్లింది. నేలలో ఉన్న కంద, పసుపు దుంపలకు వడగాలి తెలియనే తెలియలేదు. మృగశిర తొలి వానకు అవి మొలకెత్తాయి. ఆ పసుపు ఆకులు ఒడియా వారి మార్గశిరంలో వచ్చే ప్రథమాష్టమి పండుగకు, ఆకులో చుట్టి ఆవిరి మీద ఉడికించే ఎండూరి పిఠా వండుకోవడానికి పక్కింటికి వెళతాయి. చిక్కుడు ఆకులు రథసప్తమికి ఈ ఇంట్లోనే ఉంటాయి.

వేసవి పెరడంటే కూరగాయలు కాదు, దుంపలు, తీగ ఆకుకూరలు అని నేను ఈ ఇంట్లోనే ఒప్పుకున్నాను. ఏప్రిల్‌లో నీడవల కప్పి, రెండు పూటలా నీరు పోసి టమాటను బతికించడం సాధ్యమే కావచ్చు. అడుగంటుతున్న నూతి నీటిని దానికి ఖర్చు చేయడం నాకు ఇష్టం లేదు.

2024 అక్టోబరు

మూడో ఏడు కూడా చిత్త దాటే దాకా ఆగాలనుకున్నారు గాని, వాన తెరిపిచ్చిందని అక్టోబరు 21న, చిత్త ఇంకా రెండు రోజులు ఉండగానే, యాభై టమాట మొక్కలు నాటారు. 24వ తేదీ రాత్రి దానా తుఫాను ధామ్రా, భితరకనిక ప్రాంతంలో తీరం దాటింది. అది ఇక్కడికి చాలా ఉత్తరాన. పర్లాకిమిడికి మబ్బు, కొద్దిపాటి వాన తప్ప ఏమీ రాలేదు. ఆరు మొక్కలు మాత్రం పోయాయి. అయితే ఆ తుఫాను వచ్చినది స్వాతి కార్తె తొలి రోజున, అంటే చిత్త దాటాక. అదే తుఫాను ఇంకొంచెం దక్షిణంగా వచ్చి ఉంటే నేలలో ఉన్న మొక్కలన్నీ పోయేవి.

నవంబరులో నేను చివరిసారి వెళ్లినప్పుడు పెద్దామె రెండు ట్రేల నారు చూపించారు. ఇక మీదట సగం నారు చిత్త దాటాక, సగం స్వాతి దాటాక నాటుతామని, రెండో సగానికి కాపు ఫిబ్రవరిలో మొదలైనా ఫర్వాలేదని చెప్పారు. ఫిబ్రవరిలో కాపు మొదలైతే ఎండ ముదిరే లోపు ఎన్ని కోతలు వస్తాయో ఈ సీజన్‌లో విడిగా తూచి రాయమని కోడలికి చెప్పి, ఒక చిన్న తక్కెడ ఆమె దగ్గర ఉంచి వచ్చాను.